మాస్టారి కప్పు

పోస్టర్లు గీయడంలో శర్వాణికి సాటి లేరని విశాఖలోని ఆ డిజైన్ కాలేజీలో అందరూ అనేవారు. ఆ మాట వినడం ఆమెకు అలవాటైపోయింది. అందుకే చివరి ఏడాదిలో, బొమ్మ కాదు, చేత్తో పట్టుకుని వాడుకునే వస్తువు ఒకటి చేయమన్నప్పుడు ఆమె జంకలేదు.

"మీకు తెలిసిన ఒక మనిషి కోసం చేయండి," అన్నారు పరాంకుశం మాస్టారు.

శర్వాణి ఆయన కోసమే టీ కప్పు చేసింది. పోస్టర్ల మీద అక్షరం దిద్దడం ఆమెకు నేర్పింది ఆయనే మరి. తెల్లటి పింగాణీ. పూరేకులాంటి పల్చటి అంచు. గాజుముక్కలా సన్నటి పిడి. చుట్టూ నీలం రంగులో, మాస్టారు ఎంతో ఇష్టపడే 'అ' అక్షరం.

ప్రదర్శన రోజు జనం ఆ కప్పు చుట్టూ మూగారు. ఫొటోలు తీసుకున్నారు. మాస్టారు మాత్రం చూసి ఊరుకున్నారు.

శర్వాణి ఉండబట్టలేకపోయింది. "ఎలా ఉంది సార్? మీ కోసమే చేశాను."

"నా కోసమా?"

"అవును సార్."

"అయితే కాస్త టీ పొయ్యమ్మా."

ఫ్లాస్కులో మిగిలిన గోరువెచ్చటి టీ పోసి ఇచ్చింది. మాస్టారు పిడిలో వేలు పెట్టబోయారు. దూరలేదు. రెండు వేళ్ళతో ఎలాగో పట్టి ఎత్తారు. చెయ్యి వణికింది. టీ అంచు దాటి ఆయన తెల్ల చొక్కా మీద పడింది.

ఆయన ఆపలేదు. ఇంకో గుక్క తాగారు. మళ్ళీ ఒలికింది. ఎవరో రుమాలు పట్టుకుని పరుగెత్తుకొస్తే వద్దన్నట్టు తల ఊపారు. సగం గొంతులోకి, సగం చొక్కా మీదకి, అలాగే చివరిదాకా తాగారు.

కప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి అన్నారు.

"అక్షరం బాగా కుదిరిందమ్మా."

శర్వాణి ఆ చెయ్యి వంకే చూస్తూ ఉండిపోయింది. అది ఆ రోజు కొత్తగా వణికింది కాదు. ఆమె పోస్టర్లలో తప్పులు చూపించిన వేలు అదే. చూపించిన చోటల్లా చూసింది. చూపించే వేలిని ఎప్పుడూ చూడలేదు.

"మళ్ళీ చేసి తెస్తాను సార్," అంది తల వంచుకుని.

"తీసుకురా."

తేలేదు. ఆయనకు ఎదురుపడాలంటే సిగ్గేసింది. పరీక్షలయ్యాయి. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూనే ఏళ్ళు దాటిపోయాయి. మాస్టారు మంచం పట్టారని ఎవరో చెప్పిన రోజు ఆమెకు అన్నం సయించలేదు.

సెలవు పెట్టింది. చేతులు వణికే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు తాగుతుంటే చూసింది. చేసింది, పగలగొట్టింది, మళ్ళీ చేసింది. వెడల్పాటి అడుగు, మందపాటి అంచు, పిడికిలి మొత్తం పట్టే పిడులు అటొకటి ఇటొకటి. దాని మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు.

కప్పు తీసుకుని విశాఖలో మాస్టారి ఇంటికి వెళితే ఆయన భార్య వకుళ గారు తలుపు తీశారు. లోపల ఆయన కుర్చీలో దిండ్లకి ఆని ఉన్నారు. చేతులు రెండూ ఒళ్ళో పడి ఉన్నాయి.

"ఇప్పుడు చేతులు లేవట్లేదమ్మా," అన్నారు వకుళ గారు నెమ్మదిగా. "ఏదైనా నేనే పట్టాలి."

శర్వాణి సంచిలోంచి కప్పు తీసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది.

"ఆలస్యం చేశాను సార్."

మాస్టారు చాలాసేపు కప్పును చూశారు. తర్వాత భార్య వైపు చూశారు. ఆవిడ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళి, టీ పోసి తెచ్చి శర్వాణి చేతికే ఇచ్చారు.

శర్వాణి మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని ఆయన పెదవుల దగ్గర పెట్టింది. ఆయన మొహం కొద్దిగా వెనక్కి తీసుకున్నారు.

"కాలుతోందమ్మా," అన్నారు. "ఊదు."

రెండు పిడులూ రెండు చేతులతో పట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ, శర్వాణి ఊదుతూ కూర్చుంది.