తగినంత జిగురు

అనగనగా ఒక అడవిలో, అడగనివాళ్ళకి కూడా సలహాలు చెప్పే జంతువులు ఉండేవి. అన్ని అడవుల్లోనూ ఉంటాయిగా అంటారా? నిజమేలెండి. కానీ పిల్లలూ, ఈ అడవిలో వాటి మాట వినేవాళ్ళు కూడా ఉండేవారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కోటమ్మ అనే ఉడుత ఒక వేపచెట్టు తొర్రలో కాపురముండేది. ఆమెకి ముగ్గురు పిల్లలు. ఇంకా కళ్ళయినా తెరవలేదు. తొర్ర పైకప్పుకి పెద్ద బీట పడింది. రోహిణి కార్తె ఎండలు మండిపోతున్నాయి. అంటే మృగశిర వానలు గుమ్మంలో ఉన్నట్టే. బీట పూడకపోతే తొర్ర నిండా నీళ్ళే. పిల్లలకేమో ఈత రాదు.

కోటమ్మ పక్కచెట్టు వడ్రంగి పిట్టని అడిగింది. "వీరయ్య బాబాయ్, ఈ బీట పూడేదెలా?"

"బంకమట్టిలో తాటిపీచు వేసి బాగా తొక్కాలి. ఒకదాని మీద ఒకటి మూడు పొరలు వెయ్యాలి. ఒక్కో పొర ఒక్కో రోజు ఎండాలి. మూడు రోజుల పని అమ్మాయ్," అన్నాడు వీరయ్య.

"మూడు రోజులా!" అని కోటమ్మ మొహం వేలాడేసింది.

అప్పుడే కొమ్మ మీద వాలింది సుభాషిణి అనే రామచిలుక. ఆవిడ ఆరు నెలలు పట్నంలో ఒక ఇంట్లో, పంజరంలో ఉండి వచ్చింది. ఆ ఇంటి టీవీలో మధ్యాహ్నం పూట వచ్చే చిట్కాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. పట్నం చూసొచ్చిన చిలుక మాటకి అడవిలో తిరుగేముంది?

"మూడు రోజులెందుకు వదినా? అయిదు నిమిషాల పని!" అంది సుభాషిణి. "మట్టి తగినంత. తుమ్మజిగురు తగినంత. నీళ్ళు తగినంత. కలిపి పూసి, తగినంత సేపు ఆరనివ్వు. అంతే!"

"తగినంత అంటే ఎంత వదినా?"

"తగినంత అంటే తగినంతే! ఎక్కువా కాదు, తక్కువా కాదు."

"నాకెలా తెలుస్తుంది?"

"అయ్యో, ఈమాత్రం తెలియనిదానివి ముగ్గురు పిల్లల్ని ఎలా పెంచుతున్నావు?"

కోటమ్మకి సిగ్గేసింది. ఇంటికెళ్ళి తనకి తోచినంత మట్టి, దొరికినంత జిగురు, ఓపికున్నంత నీళ్ళు కలిపి బీట మీద పూసేసింది. పైపైన ఆరింది. చూడ్డానికి నున్నగా ఉంది.

"ఎంత బావుందో! గుమ్మానికి గురివింద గింజల తోరణం కూడా కడితే ఇంటికి కళ వస్తుంది. ఎంతో సులువు!" అంది సుభాషిణి.

కోటమ్మ గింజలు ఏరింది, నార తీసింది, ఒక్కొక్కటే గుచ్చింది. ఆ ఎంతో సులువైన పనికి సరిగ్గా మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజు వాన దంచికొట్టింది. పూసిన మట్టంతా ముద్దలుగా ఊడి పిల్లల పక్కనే పడింది. వెనకాలే నీళ్ళు. తోరణం మాత్రం చెక్కుచెదరలేదు.

"నా పాత తొర్రలోకి తెచ్చెయ్ అమ్మాయ్!" అని వీరయ్య కేకేశాడు.

కోటమ్మ ఒక పిల్లని నోట కరుచుకుని దూకింది. తిరిగొచ్చి రెండోదాన్ని తీసుకెళ్ళింది. మూడోదాని కోసం వచ్చేసరికి అది నీళ్ళలో తేలుతోంది. బయటికి తీసినా కదల్లేదు, ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది. ఆ తల్లి ఎంత ఏడ్చిందో చెప్పలేను. నాకుతూ, ఒళ్ళో వెచ్చబెడుతూ రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు పొద్దున ఆ పిల్ల పాలు తాగింది. అప్పుడు కోటమ్మకి ప్రాణం లేచొచ్చింది.

వాన తెరిపివ్వగానే ఆమె సుభాషిణిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆవిడ ఒక మోడు మీద తడిసి ముద్దై కూర్చుని, వణుకుతున్న కాకికి పాఠం చెబుతోంది. "అన్నయ్యా, ఇంట్లో చెమ్మ పోవడానికి తేలికైన చిట్కా విను..."

"వదినా, నువ్వు చెప్పినవి నీ ఇంట్లో ఎప్పుడైనా చేసి చూశావా?" అని అడిగింది కోటమ్మ.

సుభాషిణి వింతగా చూసింది.

"నాకు ఇల్లెక్కడిది వదినా?"

నీతి: చిట్కా ఎలా చెయ్యాలో అడిగే ముందు, చెప్పేవాళ్ళు ఎప్పుడైనా చేశారా అని అడగండి.