రణతాంబూలం

అనగా అనగా, రాజులకు మీసాలు పొడుగూ ఓపిక పొట్టీ అయిన కాలంలో, ఉద్దండరాయుడనే రాజు ఉండేవాడు. అతని సింహాసనం వెనక నాంచారమ్మ నిలబడేది. ఆమె చేతిలో తమలపాకుల పెట్టె ఉండేది. దాన్ని అడపం అంటారు. అడపం పట్టిన మనిషిని సభలో ఎవరూ పట్టించుకోరు. ఆమె మాత్రం అందరినీ చూస్తుంది, అన్నీ వింటుంది.

అలా చూసి చూసి, యుద్ధం ఎలా పుడుతుందో నాంచారమ్మకు బాగా తెలిసిపోయింది.

ఒకసారి పొరుగురాజు పంపిన శుభలేఖలో ఉద్దండరాయుడి పేరు నాలుగో చోట పడింది. రాజు మీసం మీద చెయ్యి వేశాడు. మంత్రి ఆ చేతిని చూశాడు, ఆ తర్వాతే నోరు తెరిచాడు.

"యుద్ధం తప్పదు ప్రభూ! లేకుంటే పరువు పోతుంది!" అన్నాడు.

సేనను నడిపే దళవాయి మంత్రి ముఖం చూసి, "తప్పదు, తప్పదు!" అన్నాడు.

అంతే. ఇదండీ వీళ్ల ఆలోచన! తలా ఒక తాంబూలం నమిలి భోజనాలకు లేచారు. యుద్ధానికి మాత్రం ఇంటికొకడు చొప్పున ఊళ్లవాళ్లు పోయారు. నాంచారమ్మ మొగుడు పోయాడు, తిరిగి రాలేదు.

రెండోసారి, రాజు మాట్లాడుతుండగా పొరుగురాజు రాయబారి తుమ్మాడు. తుమ్మాడండీ! జలుబు చేస్తే ఎవరు తుమ్మరు? మళ్లీ మీసం మీద చెయ్యి, మళ్లీ "తప్పదు", మళ్లీ తాంబూలాలు. ఈసారి నాంచారమ్మ తమ్ముడు పోయాడు. అతనూ తిరిగి రాలేదు.

మూడోసారి, పొరుగురాజు కట్టిన మేడ మన రాజుగారి మేడకన్నా ఒక అంతస్తు ఎత్తు లేచింది. వెంటనే సభ పెట్టారు.

నాంచారమ్మ ఇంట్లో ఇక మిగిలింది ఒక్క కొడుకు, కోటప్ప. ఏటి మీద పడవ నడుపుతాడు. పెళ్లయి నెల కూడా కాలేదు. ఈ సభలో యుద్ధం తప్పదన్న మాట ఖాయమైతే రేపు వాడి వంతే. అది తలుచుకునేసరికి ఆమెకు భయం కాదు, కోపం వచ్చింది.

రాజు చెయ్యి మీసం మీదికి పోయింది.

"యుద్ధం తప్పదు" అన్నాడు మంత్రి.

"తప్పదు, తప్పదు!" అన్నాడు దళవాయి.

"తాంబూలాలు తేవే నాంచారీ" అన్నాడు రాజు.

ఆమె పళ్లెంలో మూడు తాంబూలాలు పెట్టి తెచ్చింది. వాళ్లు చేతులు చాచేలోపలే నోరు విప్పింది.

"మహాప్రభూ, మీ తాతగారు రణతాంబూలం అందుకుని, సేనకు ముందు వరసలో కాలినడకన నడిచారని ఏటేటా దసరాకు పాడించుకుంటారు కదా! ఈ అడపం ఆ తాతగారిదే. ఇవీ అలాంటి రణతాంబూలాలే. అందుకోండి బాబూ. అందుకున్నవారు రేపు పొద్దున్నే ముందు వరసలో నిలబడాలి."

రాజు చిక్కులో పడ్డాడు. కాదంటే తాతగారి పాట అబద్ధమవుతుంది. ఔనంటే తాను నడవాలి.

మంత్రి మోకాలు పట్టుకున్నాడు. "నాకు మొన్నటి వానల నుంచీ కీళ్లనొప్పులు" అన్నాడు.

"మా అమ్మాయి పెళ్లి దగ్గర పడింది" అన్నాడు దళవాయి.

రాజు చెయ్యి సగందాకా వచ్చి వెనక్కి పోయింది. "రేపు అష్టమి కాదూ?" అన్నాడు మెల్లగా.

నాంచారమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నా మొగుడు పోయిననాడు ఈ కీళ్లనొప్పులు ఏమయ్యాయి మంత్రిగారూ? నా తమ్ముడు పోయిననాడు మా ఇంట్లోనూ వాడి పెళ్లి దగ్గర పడింది దళవాయిగారూ, ఎవరైనా ఆగారా? వాళ్లకు అష్టమీ నవమీ ఎవరు చూశారు ప్రభూ? ఒక్క అంతస్తు! ఇటుకలతో అయ్యే పనికి మనుషులు కావలసి వచ్చారా మీకు?"

ఉద్దండరాయుడికి ఆ మాత్రం సిగ్గు మిగిలి ఉంది. తల దించుకుని, "యుద్ధం వద్దు" అన్నాడు.

నాంచారమ్మ అక్కడితో ఊరుకోలేదు. ఇకమీదట సభ మొదలుకాగానే రణతాంబూలాల పళ్లెం నడుమ పెట్టాలనీ, యుద్ధమన్నవాడు అక్కడికక్కడే ఒకటి అందుకోవాలనీ రాజు దగ్గర మాట తీసుకుంది.

పళ్లెం పెట్టారు. రాజు బతికినన్నాళ్లూ అందులో ఆకులు వాడిపోయాయే తప్ప ఒక్క చెయ్యీ వాటిని ముట్టుకోలేదు. చూశారా, అన్నేళ్లూ ఒక్క యుద్ధం కూడా "తప్పదు" అనిపించలేదు! కోటప్ప పడవ ఈ ఒడ్డువాళ్లనూ ఆ ఒడ్డువాళ్లనూ దాటిస్తూనే ఉంది. నాంచారమ్మ మొగుడూ తమ్ముడూ మాత్రం తిరిగి రాలేదు.

నీతి: యుద్ధం తప్పదని చెప్పేవాడు ముందు తానే నడవాలి, తాను నడవనివాడికి ఇంకొకరి బిడ్డను పంపే హక్కు లేదు.