మాల తీసిన తరువాత

త్రినాథరావు వచ్చేసరికి పైడయ్య గురుస్వామి అరుగు మీద కూర్చుని టేబుల్ ఫాను విప్పుతున్నాడు. మాఘమాసం వెళ్ళిపోతోంది. దీక్షల కాలం దాటిపోయింది, కొండ మాట ఎవరి నోటా లేదు. అలాంటి రోజున వచ్చి, చొక్కా జేబులోంచి తులసిపూసల మాల తీసి, ఫాను రెక్కల పక్కన పెట్టాడు త్రినాథరావు.

"మావాడిది గురుస్వామీ. మళ్ళీ వేసెయ్యండి. ఈసారి తియ్యడం అంటూ ఉండదు."

పైడయ్య మాల వంక చూసి, మళ్ళీ పని చేసుకున్నాడు. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. ఇరవై రెండుసార్లు శబరిమల వెళ్ళొచ్చాడు. డిపోలో డ్రైవర్లకీ కండక్టర్లకీ మాల వేసేదీ, ఇరుముడి కట్టేదీ ఆయనే. మాట తక్కువ. ఎవరేం చెప్పినా, ఇంజను చప్పుడు వింటున్నట్టు చెవి ఒగ్గి కాసేపు ఊరుకుంటాడు.

త్రినాథరావు చెప్పుకుపోయాడు. ఆయనకి తెలియనిది ఏమీ లేదు, అయినా చెప్పాడు.

కొడుకు మణిదీప్‌కి పదిహేడేళ్ళు. గంజాయి తాగుతున్నాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసి రెండేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఇల్లు ఇల్లుగా లేదు. తల్లి కుమారి చుట్టాలకి జ్వరమని ఒకసారి, పరీక్షలని ఒకసారి చెప్పి, ఎవరికి ఏం చెప్పిందో తనే మరచిపోయే స్థితికొచ్చింది. గవర్నమెంటు ఆస్పత్రి డాక్టరు మందులిచ్చి, నెలనెలా రమ్మన్నాడు. రెండు నెలలు వెళ్ళారు. కుర్రాడు మందులు మానేశాడు, తండ్రి నమ్మడం మానేశాడు.

త్రినాథరావు చెడ్డవాడు కాదు. డ్రైవరుగా అతనికి మంచి పేరు. రోడ్డుకి అడ్డంగా గేదెల మంద నిలబడితే, అవి కదిలేదాకా స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. అంత ఓపిక. ఆ ఓపికంతా రోడ్డు మీదే ఖర్చయిపోయేదేమో, ఇంటికి వచ్చేసరికి చిటికెడు కూడా మిగిలేది కాదు. గుమ్మంలో చెప్పులు విడవడంతోనే నోరు మొదలయ్యేది. ఒక్కోసారి బెల్టు కూడా.

అలాంటి ఇంట్లో మొన్న కార్తీకంలో ఒక అద్భుతం జరిగింది. అద్భుతమనే మాట త్రినాథరావుదే. తండ్రీకొడుకులిద్దరూ పైడయ్య చేత మాల వేయించుకున్నారు. తండ్రికి అది తొమ్మిదోసారి, కొడుకు కన్నెస్వామి. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నల్లబట్టలు, నేల మీద చాప, ఒంటిపూట భోజనం. ఎదుటివాణ్ణి స్వామీ అనే పిలవాలి. కోప్పడకూడదు. పూజ అయ్యాక ఒకరి పాదాలకొకరు దణ్ణం పెట్టుకోవాలి, వాళ్ళు తండ్రీకొడుకులైనా సరే. నలభై ఒక్క రోజులు మణిదీప్ గంజాయి ముట్టలేదు. కొండెక్కాడు, దిగాడు. వచ్చాక కోవెల్లో తల్లి చేతుల మీదుగా మాల తీశారు. పది రోజులు తిరక్కుండానే మళ్ళీ కళ్ళు ఎర్రబడ్డాయి.

మాల తీసిన సాయంత్రమే బ్రాందీ షాపు ముందు నిలబడే స్వాముల్ని చూసి త్రినాథరావు ఏటా నవ్వుకునేవాడు. ఈ ఏడు నవ్వు రాలేదు.

"డాక్టరు వల్ల కానిది మాల వల్ల అయింది కదా గురుస్వామీ. మెడలో ఉన్నన్నాళ్ళూ ఉన్నాడు, తియ్యగానే పోయాడు. మరి తియ్యకుండా ఉంచేస్తే పోలా?"

"ఊఁ" అన్నాడు పైడయ్య.

"మా బావమరిది మత్తు మాన్పించే హోమ్ ఒకటుందని చెప్పాడు. ఆరు నెలలు కటకటాల గదిలో పెడతారట. ఫోనుండదు, మనల్ని చూడనివ్వరు. చెప్పిన మాట వినకపోతే కర్ర తీస్తారట." త్రినాథరావు గొంతు తగ్గింది. "సోమవారం బండి వస్తుంది. మీరు మాల వేస్తే రావద్దని చెప్పేస్తాను. లేదంటే పంపించెయ్యడమే. నా వల్ల కావడం లేదు. వాళ్ళమ్మ రెండు రోజులై ముద్ద ముట్టలేదు."

పైడయ్య ఫాను రెక్కలు గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. మాల తీసి త్రినాథరావు చేతిలోనే పెట్టాడు.

"రేపు ఆదివారం. పొద్దున్నే ఇంటికొస్తాను."

మర్నాడు త్రినాథరావు నాలుగింటికే లేచాడు. ఇల్లు కడిగించాడు. పటాల ముందు దీపం పెట్టాడు. పెట్టెలోంచి నల్లపంచెలు తీసి మడతలు విప్పాడు. కొడుకు మాత్రం పైడయ్య గుమ్మంలోకి వచ్చేవరకూ మంచం దిగలేదు.

"లెగరా!" త్రినాథరావు గది తలుపు మీద అరచేత్తో బాదాడు. "గురుస్వామి వచ్చి నిలబడ్డారు. సిగ్గూ శరం ఏమైనా ఉన్నాయా నీకు? గాడిదలా ఎదిగావు, ఇంకా పడకేటి?"

పైడయ్య ముందుగదిలో నేల మీద కూర్చున్నాడు. కుమారి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మాతా, కార్తీకంలో ఇంట్లో ఏం మారింది?" అని అడిగాడు ఆయన.

కుమారి మొగుడి వంక చూసింది. చెప్పొచ్చో లేదో అనుకున్నట్టుంది. తర్వాత మెల్లిగా అంది: "ఇల్లు చప్పుడు లేకుండా ఉండేది గురుస్వామీ. ఏటా అంతే. ఈయన మాలేసుకుంటే మాకు సెలవులిచ్చినట్టుంటుంది."

త్రినాథరావుకి ఒళ్ళు మండింది. అడిగిందేమిటి, ఇది చెప్పేదేమిటి! కుర్రాడి సంగతి వదిలేసి మధ్యలో తన సంగతెందుకు? పెద్దాయన ముందు ఏమీ అనలేక, పళ్ళ బిగువున ఊరుకున్నాడు.

పైడయ్య నీళ్ళు తాగి, లేచి, కుర్రాడి గదిలోకి వెళ్ళాడు. గది ముక్కు మూసుకునేలా ఉంది. విప్పిన బట్టలన్నీ ఓ మూల, కిటికీ బిగించేసి ఉంది. మణిదీప్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన కిటికీ తెరవలేదు, వాణ్ణి తట్టనూ లేదు. మంచం కాళ్ళ వైపు నేల మీద కూర్చున్నాడు.

చాలాసేపు అలాగే కూర్చున్నాడు. త్రినాథరావు గడప దగ్గర నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాడు. లేపమంటే లేపుతాను కదా అన్నట్టు రెండుసార్లు దగ్గాడు. ఆయన వినిపించుకోలేదు.

చివరికి కుర్రాడు ఇటు తిరిగి కళ్ళు తెరిచాడు. పైడయ్యని చూసి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"స్వామి శరణం" అన్నాడు పైడయ్య.

అని, డెబ్భై ఏళ్ళ ఆ మనిషి ముందుకి వంగి, రెండు చేతులతో కుర్రాడి పాదాలు పట్టుకుని, నుదురు ఆనించాడు.

నిప్పు తగిలినట్టు మణిదీప్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "వద్దు గురుస్వామీ! నేను మాలలో లేను."

"తెలుసు స్వామీ."

"నాకు దణ్ణం పెట్టకండి. నేను..."

త్రినాథరావు నోరు తెరిచాడు. పైడయ్య వెనక్కి చూడకుండానే చెయ్యెత్తాడు. ఆ నోరు అలాగే ఆగిపోయింది.

"నేను మళ్ళీ తాగుతున్నాను" అన్నాడు కుర్రాడు.

"నిన్న తాగారా స్వామీ?"

"తాగాను."

"ఇవాళ?"

"లేదు." కాస్త ఆగాడు. "ఇంకా లేదు."

"తాగాలని ఉందా?"

మణిదీప్ తల దించుకున్నాడు. వాడి చేతులు దుప్పటిని నలుపుతున్నాయి.

"ఉంది" అన్నాడు. అని ఏడ్చాడు.

పైడయ్య ఓదార్చలేదు. మంచిమాటలు నాలుగు చెప్పనూ లేదు. ఏడుపు దానంతటది ఆగేదాకా ఉండి, భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు.

"ఆస్పత్రి మందులు మానేశారటగా స్వామీ?"

"మత్తొచ్చేస్తంది గురుస్వామీ. క్లాసులో కూర్చోలేను."

"ఆ మాట డాక్టరుకి చెప్పారా?"

"లేదు."

"చెబుతారా?"

"చెబుతాను."

గడప దగ్గర త్రినాథరావు గోడకి చేరబడ్డాడు. ఇవే ప్రశ్నలు. రెండేళ్ళుగా తను అడిగినవి ఇవే. దేవుడి పటం ముందు నిలబెట్టి అడిగాడు, తల్లి నెత్తిన చెయ్యి పెట్టించి అడిగాడు, బెల్టు చేత్తో పట్టుకుని అడిగాడు. ప్రతిసారీ ఒకటే జవాబు, లేదు నాన్నా అని. ఈ నోటి వెంట అవునన్న మాట తనెప్పుడూ వినలేదు.

కాదు, విన్నాడు. ఒకసారి విన్నాడు.

దీక్షలో రెండోవారం. మిట్టమధ్యాహ్నం. తను డ్యూటీకి బయల్దేరుతుంటే వాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "స్వామీ, చేతులు ఆగట్లేదు. బయటికి పోబుద్ధేస్తంది" అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటకి చెంప పగిలిపోయేది. మెడలో మాల ఉంది. కోప్పడకూడదు. ఏం చెయ్యాలో తోచక, వాణ్ణి కుళాయి దగ్గర కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుని, బిందెల కొద్దీ నీళ్ళు నెత్తిన పోశాడు. పోస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి వాడి చేతులు ఆగాయి. తను డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నాడు. ఆ చీవాట్లు గుర్తున్నాయి కానీ, దానికి కారణమైన మధ్యాహ్నం ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు.

పైడయ్య బయటికొచ్చి చెప్పులు వేసుకుంటున్నాడు. కుమారి కాఫీ కలుపుతానంది. ఇంకోసారి తాగుతాలే మాతా, అన్నాడు.

త్రినాథరావు మాల పట్టుకుని వెనకాలే వచ్చాడు. "మరి మాల, గురుస్వామీ?"

పైడయ్య మెట్టు దిగి, వెనక్కి తిరిగి, అతని మొహంలోకి చూశాడు.

"ఎవరికి?" అన్నాడు.

అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

త్రినాథరావు ఆ మెట్టు మీదే కాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, మాలని పటాల ముందు పెట్టి, కొడుకు గదిలోకి వెళ్ళాడు. వెళ్ళాడే కానీ, ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ గదిలో తిట్టడం, కొట్టడం, వెతకడం తప్ప అతనికి ఇంకో పని అలవాటు లేదు. ఇందాక పైడయ్య కూర్చున్న చోట నేల మీద కూర్చున్నాడు. కుర్రాడు బెదిరి మంచం మీద వెనక్కి జరిగాడు. అది చూసి త్రినాథరావు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

వంటింట్లో కుమారి గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా వినిపిస్తోంది.

కొంతసేపటికి ఆమె ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఆ హోమ్ వాళ్ళు. రేపు బండి ఎన్నింటికి పంపించాలని అడుగుతున్నారు."

మణిదీప్ తండ్రి వంక చూశాడు.

"వద్దని చెప్పు" అన్నాడు త్రినాథరావు. "రేపు డాక్టరు దగ్గరికి వెళతన్నాం. నేను సెలవు పెడతాను."

కుమారి ఫోనులో ఆ మాటే చెప్పింది. చెప్పి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కుర్రాడి మోకాలు ఊగుతోంది. ఆపుకుంటున్నాడు, మళ్ళీ ఊగుతోంది. చొక్కా వీపంతా చెమటతో తడిసింది. కిటికీ వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూస్తున్నాడు.

"నాన్నా."

"ఊఁ."

"మేడ మీద ఇంకో పొట్లం ఉంది." వాడు నేల వంక చూస్తూ చెప్పాడు. "నేను వెళితే తాగేస్తాను. నువ్వెళ్ళి తీసెయ్."

ఆ పొట్లాల కోసం పరుపు కోయించిన మనిషి త్రినాథరావు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికిన మనిషి. పాత మాటలన్నీ ఒక్కసారిగా గొంతు దాకా వచ్చాయి. ఎన్నాళ్ళనుంచి దాచావురా, ఎవడిచ్చాడురా, నా ఇంట్లోనా, నా నెత్తి మీదేనా. పెదవుల దాకా వచ్చిన వాటిని మింగాడు. మింగడం మెడలో మాల ఉన్నప్పటికంటే కష్టంగా ఉంది.

"సరే" అన్నాడు.

లేచి పెరట్లోకి నడిచాడు. మేడమెట్లు సగం ఎక్కేసరికి వెనకనుంచి కొడుకు గొంతు వినిపించింది.

"ట్యాంకు వెనకాల నాన్నా. ఎడమ పక్కన ఇటుకుంది. దాని కింద."