ముళ్లపంది సొంత మట్టం

గుండ్లవాగుకు రెండు వైపులా తునికి అడవి ఉండేది. అందులో ఉడుము, కుందేలు, ముళ్లపంది, ఇంకా ఎన్నో జంతువులు నివసించేవి. వానాకాలంలో వాగు ఉన్నట్టుండి పొంగేది. అందుకని జంతువులు కంప్యూటరులో సి భాషతో ఒక ప్రోగ్రాము రాసుకున్నాయి. నీళ్లు ప్రమాదమట్టానికి చేరితే గంటలు మోగాలి. అడవిలోకి కంప్యూటరు ఎలా వచ్చిందని అడగకండి. అది వేరే కథ, అందులో ఒక ఏనుగు ఉంది.

ప్రోగ్రాము మూడు ఫైళ్లు. నీళ్లు కొలిచే ఫైలు ఉడుముది. తూర్పు గట్టు గంట ఫైలు కుందేలుది. పడమటి గట్టు గంట ఫైలు ముళ్లపందిది. ముళ్లపంది ఇల్లు కూడా పడమటి గట్టు కిందే.

మూడు ఫైళ్లలోనూ 'ప్రమాదమట్టం' అనే మాక్రో ఉండేది. మాక్రో అంటే ఒక అంకెకు పెట్టిన పేరు. ఒక ఫైలులో పెట్టిన పేరు పక్క ఫైలుకు తెలియదు. ఇది తెలియక పెద్ద చదువులు చదివినవాళ్లే తికమకపడ్డారు, జంతువులనేం అంటాం! అందుకే ఎవరి ఫైలులో వాళ్లు 'పన్నెండు మూరలు' అని రాసుకున్నారు.

ఒక ఏడాది వానలకు గట్లు కోసుకుపోయాయి. తొమ్మిది మూరలు మించితే చాలు, నీళ్లు గట్టు దాటే పరిస్థితి వచ్చింది.

ఉడుము అందరినీ పిలిచింది. "మూడు చోట్ల మార్చడం ఎందుకు? 'తొమ్మిది' అని ఒక హెడర్ ఫైలులో, అంటే అందరూ కలుపుకోగలిగే ఉమ్మడి ఫైలులో, రాశాను. మీ ఫైళ్లలో దాన్ని కలుపుకోండి. 'పన్నెండు' అని ఉన్న మీ పాత వరుస కొట్టేయండి."

కుందేలు అలాగే చేసింది. ముళ్లపంది హెడర్ ఫైలును పైన కలుపుకుంది కానీ, కింద తన పాత వరుసను అలాగే ఉంచింది. 'ఈ పేరుకు ముందే వేరే అంకె ఉంది' అని, రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు హెచ్చరించింది.

"బావా, అదేదో అంటోంది, చూడు" అంది కుందేలు.

"హెచ్చరికే కదా, తప్పు అనలేదుగా! ప్రోగ్రాము నడుస్తోంది. ఆ పన్నెండు మా తాత కొలిచిన పన్నెండు. నిన్నగాక మొన్న కొలిచిన ఉడుము మాటకు మార్చేస్తానా?" అంది ముళ్లపంది.

మరుసటి వారం పట్టపగలే వాగు పొంగింది. నీళ్లు తొమ్మిది మూరలకు రాగానే తూర్పు గంట గణగణా మోగింది. కుందేళ్లన్నీ గుట్ట ఎక్కేశాయి. పడమటి గంట మాత్రం పలకలేదు. కిందున్న ముళ్లపంది వరుస పైనున్న హెడర్ అంకెను కొట్టేసింది మరి.

నీళ్లు పది మూరలయ్యాయి. గట్టు దాటి ముళ్లపంది బొరియలోకి దూకాయి. ముళ్లపంది, దాని భార్య దుంపలు తవ్వడానికి వెళ్లాయి; లోపల వాటి రెండు పిల్లలు నిద్రపోతున్నాయి.

పడమటి గంట వినబడకపోవడంతో ఉడుముకు అనుమానం వచ్చింది. ఈదుకుంటూ అవతలికి వెళ్లి, ఒక చెట్టు వేరును గట్టిగా పట్టుకుని, తోకను బొరియలోకి వదిలింది. పిల్లలు తోక పట్టుకుని బయటపడ్డాయి. ఇల్లు, ఏడాదికి దాచుకున్న దుంపలు వాగులో కొట్టుకుపోయాయి.

"ఇంకా రెండు మూరలు పెరిగితే నీ గంట మోగేదేమో! అప్పటికి పిల్లలెక్కడుండేవాళ్లు?" అంది ముళ్లపంది భార్య.

ముళ్లపంది వెళ్లి తన ఫైలులోని ఆ ఒక్క వరుసనూ కొట్టేసింది.

తర్వాతి ఏడాది గట్టు ఇంకాస్త తగ్గింది. ఉడుము హెడర్ ఫైలులో తొమ్మిదిని ఎనిమిది చేసి, మూడు ఫైళ్లనూ మళ్లీ కంపైల్ చేయించింది. ఆ వానకు రెండు గంటలూ ఒకేసారి మోగాయి.

నీతి: అందరికీ అవసరమైన లెక్కను ఒక్క చోటే రాసి అందరూ దాన్నే వాడుకోవాలి, సొంత లెక్క పట్టుకుని హెచ్చరికను తోసేసినవాడు తన ఇంటినే ముంచుకుంటాడు.