ఇండియా గేటు ముందర ఫోటో

ఆదోనిలో పరుపులు కుట్టుకునే దస్తగిరికి భార్య పోయింది. మట్టి ఇచ్చిన రోజు అతను ఏడవలేదు. నలభై దినాల ఫాతెహా నాడూ ఏడవలేదు.

"ఏం నిబ్బరమప్పా! ఫకీరు దగ్గర నేర్చుకున్నది ఊరికే పోలేదు" అన్నారు చుట్టాలు. ఆ మాట అతనికి నచ్చింది.

నచ్చింది గానీ నిద్ర రావడం మానేసింది. ఒకరోజు ఆ ఫకీరు, తన గురువు మౌలాలి దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"సామీ, నేను బాగా ఓర్చుకున్నట్టేనా?"

మౌలాలి అతని ముఖంలోకి చూశాడు. "అజ్మీరు పోతున్నా. నాతో రా" అన్నాడు.

రైల్లో దస్తగిరి మాటల మధ్య ఒక సంగతి చెప్పాడు. భార్య హుసేన్‌బీకి ఒకటే కోరిక ఉండేదట. అజ్మీరు దర్గాకు పోయేటప్పుడు దారిలో ఢిల్లీ చూసుకుని, ఇండియా గేటు ముందర ఇద్దరూ ఫోటో దిగాలని. పక్కింటావిడ సంగతి చెప్పినట్టు చెప్పి, కిటికీలోంచి బయటికి చూశాడు.

ఢిల్లీలో దిగగానే మౌలాలి ఆటోను అక్కడికే పోనిమ్మన్నాడు.

తల పూర్తిగా ఎత్తితే గానీ కంటికి అందని రాతి కమాను. గోడల నిండా ఏనాడో యుద్ధాల్లో పోయిన సిపాయిల పేర్లు. దస్తగిరి సెల్‌ఫోను తీసి ఫోటోలు మొదలుపెట్టాడు. దూరం నుంచి తీశాడు. దగ్గరికి పోయి తీశాడు. నేల మీద కూర్చుని తీశాడు. తీసినదాన్నల్లా చూసుకుని చెరిపేశాడు.

"ఒక్కటీ సరిగ్గా రావడం లేదు సామీ. మనుషులు అడ్డమొస్తున్నారు. వెలుతురు కూడా బాగాలేదు."

మౌలాలి చేయి చాపాడు. "నాకియ్యి. నువ్వు పోయి నిలబడు."

"నేనెందుకు సామీ?"

"నిలబడు నాయనా."

దస్తగిరి పోయి కమానుకు సరిగ్గా నడుమ నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు.

మౌలాలి ఫోను ఎత్తి చూశాడు. "కొంచెం పక్కకు జరుగు."

జరిగాడు.

"ఇంకొంచెం."

"ఇంకా ఎందుకు సామీ? నేను నడుమ నుంచి తప్పిపోతా."

"ఆ తల్లి నిలబడాలి కదా" అన్నాడు మౌలాలి.

దస్తగిరి పక్కకు తిరిగి చూశాడు. అక్కడ ఎండ పడిన బండలు తప్ప ఏమీ లేవు. అతని గడ్డం వణికింది. ఉన్నచోటే గొంతుక్కూర్చుని, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆ ఏడుపు విని బుడగలమ్మే మనిషి ఆగిపోయాడు.

ఆ చోటు కోసం వెనక ఒక కుటుంబం కాచుకుని ఉంది. అందులోని పెద్దావిడ మెల్లగా అడిగింది, "మీది అయిందా?" అని.

మౌలాలి ఫోను దించి ఉర్దూలో అన్నాడు.

"లేదమ్మా. ఇప్పుడే మొదలైంది."