పైడయ్య ఎత్తని చెయ్యి

చంపావతి ఏటి ఒడ్డున జూటుమిల్లు ఉన్న ఒక ఊళ్ళో భుజంగరావు మాస్టారని ఒకాయన ఉండేవారు. చదువూ మంచితనమూ రెండూ ఉన్న మనిషే గానీ, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక మాత్రం ఆయనకు లేదు.

ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. చాలా ఏళ్ళు తాగారు, తర్వాత మానేశారు. దాచుకోవడానికేముంది, నేనూ తాగి మానినవాణ్ణే. అలాంటివాళ్ళం ఓ డజనుమందిమి ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి టైలర్ల సంఘం మేడమీద గదిలో చాపలు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని ‘మానేసినోళ్ళ సంఘం’ అనేవాళ్ళు. మాలో పెద్దా చిన్నా లేదు. ఒకరి కష్టం ఒకరం చెప్పుకోవడం, ఈ ఒక్కరోజుకీ తాగకుండా ఉందామనుకోవడం, అంతే. మాకున్న ఆస్తల్లా నీలం అట్ట వేసిన పదహారు పేజీల చిన్న పుస్తకం. చదువు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ కలిసి ఎప్పుడో చెప్పి రాయించుకున్నది. ప్రతి ఆదివారం ముందుగా ఎవరో ఒకరు దాన్ని పైకి చదివేవారు, తక్కినవాళ్ళం వినేవాళ్ళం.

ఆ పుస్తకం విషయంలో మాకొక ఆచారం ఉండేది. అందులో ఒక మాట చేర్చాలన్నా, తీసెయ్యాలన్నా అందరిముందూ చదవాలి. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తుతారు. ఒక్క చెయ్యి లేవకపోయినా సరే, ఆ మనిషిని ఎందుకని అడగాలి, చెప్పింది పూర్తిగా వినాలి, ఒక వారం ఆగాలి. వచ్చే ఆదివారం మళ్ళీ చేతులెత్తాలి. అప్పుడు ఎక్కువమంది ఎటంటే అటు.

ఈ ఆచారం పెట్టింది ఇస్రాయేలు తాత. ఆయన వడ్రంగి. మా అందరికంటే ముందు మానినవాడు. "ఇదేం చాదస్తం తాతా, ఒక్క మాటకు వారం రోజులా?" అని ఎవరైనా విసుక్కుంటే, "తాగిన రోజుల్లో పెళ్ళాం మాట విన్నామా? తల్లి మాట విన్నామా? వినకపోవడమే గదరా మన రోగం! ఇక్కడన్నా విందాం" అనేవాడు.

కొన్నాళ్ళకు ఆ పుస్తకం ప్రతులన్నీ చిరిగిపోయాయి. మళ్ళీ అచ్చు వేయించాల్సి వచ్చింది. "తప్పులు దిద్ది పెడతాను" అని భుజంగరావు మాస్టారు ముందుకొచ్చారు. నిజం చెప్పాలి, ఎంతో శ్రద్ధగా దిద్దారు. మూడు ఆదివారాలు వాక్యం వాక్యం చదివి వినిపించారు. పదిహేను పేజీలు ఏ పేచీ లేకుండా గడిచాయి. చివరి పేజీలో ఈ మాటలు ఉన్నాయి:

"తాగి వచ్చినా పర్లేదు. ఈ గుమ్మం నీదే. వెనకాల కూర్చో. ఏమీ మాట్లాడకపోయినా సరే, టీ తాగి వెళ్ళు."

మాస్టారు కళ్ళజోడు తీసి చాపమీద పెట్టారు. "ఇది పుస్తకంలో ఉండదగ్గ మాటేనా? తాగుడు మానమని చెప్పే పుస్తకం తాగి రమ్మని పిలుస్తుందా? నలుగురూ చదివితే నవ్విపోరూ?" అన్నారు.

ఆయన కోపానికి కారణం లేకపోలేదు. అంతకు రెండు ఆదివారాల ముందే ఒకడు పూటుగా తాగొచ్చి, మెట్లమీద వాంతి చేసుకుని, కింద ఉన్న టైలర్లను నానా తిట్లూ తిట్టిపోయాడు. ఇంకోసారి ఇలా జరిగితే గది ఖాళీ చెయ్యమని వాళ్ళు మాకు గట్టిగానే చెప్పారు. గది పోతే మేం ఎక్కడ కూర్చోవాలి? అందుకే మాస్టారు ఆ మాటలన్నీ కొట్టేసి, "మద్యం సేవించినవారికి సమావేశంలో ప్రవేశం లేదు" అని రాసి చదివితే, మాకు సబబుగానే తోచింది.

పదకొండు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. లోపల ఏదో గుచ్చుకుంది గానీ, నలుగురితో నారాయణా అని నేనూ ఎత్తేశాను. లేవనిది పైడయ్య చెయ్యి ఒక్కటే.

పైడయ్య మిల్లులో బేళ్ళు మోసే మనిషి. నోట్లో నాలుక లేనివాడు. చదువు రాదు. ఆదివారాలు మా అందరికీ మెట్ల కింద పొయ్యి పెట్టి టీ కాచి ఇచ్చేది అతనే. మాట్లాడమంటే ఒక్కో మాటా నూతిలోంచి చేదినట్టు నెమ్మదిగా వచ్చేది.

"ఏం పైడయ్యా?" అన్నారు మాస్టారు.

"అది తియ్యొద్దండి మాస్టారూ. నాను ఒచ్చిన రోజు... ఆ రోజు నాను..." అని ఆగాడు.

మాస్టారు గడియారం చూసుకున్నారు. మర్నాడే అచ్చు మొదలుపెడతామని ప్రెస్సువాళ్ళు చెప్పి ఉన్నారు. ఆయన్ని ఆపగల ఇస్రాయేలు తాత ఆ రోజు రాలేదు. కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటిపట్టున ఉన్నాడు.

"చదువు రానివాడివి, పుస్తకంలో ఏముంటే నీకేమిటయ్యా?" అన్నారు మాస్టారు. "ఒక్క చెయ్యి కోసం పదకొండు చేతులు వారం రోజులు ఆగాలా? అయిపోయింది. ఒప్పుకున్నట్టే."

ఆచారం గుర్తుచెయ్యాల్సిన నేను చాప అంచు సర్దుకుంటూ కూర్చున్నాను. పైడయ్య మా అందరివైపూ ఒకసారి చూసి, "టీ సల్లారిపోతంది" అంటూ లేచి వెళ్ళాడు. ఆ పూట అతను పోసిన టీ మేం తాగాం కూడా. సిగ్గులేని మనుషులం!

పుస్తకాలు తెల్లటి అట్టతో ముచ్చటగా వచ్చాయి. కన్ను బాగయ్యాక ఇస్రాయేలు తాత నల్లకళ్ళద్దాలతో వచ్చి మొత్తం చదివించుకుని విన్నాడు. చివరి పేజీ దగ్గర, "దీనికి అందరూ చెయ్యెత్తారా?" అని అడిగాడు.

"ఒక్కరు తప్ప" అన్నారు మాస్టారు.

"ఆ ఒక్కరూ ఏమన్నారు?"

పైడయ్య కింద టీ కాస్తున్నాడు. అతను ఏమన్నాడో మాలో ఒక్కరమూ చెప్పలేకపోయాం. "అచ్చయిపోయింది గదా తాతా, ఇంకేం చేస్తాం" అని మాట దాటేశాం. తాత తల పంకించి పుస్తకం పక్కన పెట్టాడు.

ఆరు నెలలు గడిచాయి. పాలకొండలో ఉన్న మాస్టారి తమ్ముడు హఠాత్తుగా పోయాడు. మాస్టారు కొడుకులా పెంచిన తమ్ముడు. పదకొండో రోజు కార్యం అయ్యాక, దుఃఖం తగ్గుతుందని ఎవరో బంధువు ఆయన చేతిలో గ్లాసు పెట్టాడు. ఆరేళ్ళ ఏడు నెలలుగా ముట్టనిది ఆయన తాగేశారు. ఒకటితో ఆగలేదు. నాలుగు రోజులు తాగుతూనే ఉన్నారు. మా రోగం ఎరగనివాళ్ళు తొందరపడి ఆయన్ని తిట్టుకోకండి. ఇది ఎవరికైనా జరుగుతుంది, నాకు రేపైనా జరగొచ్చు.

ఐదో రోజు ఆదివారం. ఊరికి తిరిగొచ్చి, మూడింటికి ఆయన మా మేడమెట్లు ఎక్కారు. ఆ రోజు పుస్తకం చదివే వంతు నాది. తలుపు ఓరగా వేసి ఉంది. చివరి పేజీకి వచ్చి, "మద్యం సేవించినవారికి సమావేశంలో ప్రవేశం లేదు" అని స్పష్టంగా చదివాను. బయట మెట్లమీద చెప్పుల చప్పుడు ఆగింది. కాసేపటికి అదే చప్పుడు కిందికి దిగిపోయింది. నేను తలెత్తి చూడనైనా లేదు.

చూసింది మెట్ల కింద పొయ్యి దగ్గరున్న పైడయ్య. మాస్టారు ఇంటివైపు వెళ్ళలేదు, రైలు కట్టవైపు తిరిగారు. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా వదిలేసి పైడయ్య పరుగెత్తాడు. రైల్వే గేటు దగ్గర ఆయన చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"వదులు పైడయ్యా. నాకక్కడ ప్రవేశం లేదు. రాసింది నేనే" అని మాస్టారు బావురుమన్నారు.

"నాకు సదువు రాదు గదా మాస్టారూ! అందులో ఏటి రాసుందో నాకేటి తెలుసు?" అన్నాడు పైడయ్య. "రండి. టీ తాగి ఎల్దురు గాని."

అలా చెయ్యి పట్టుకునే ఆయన్ని మేడమీదికి తెచ్చి వెనక చాపమీద కూర్చోబెట్టాడు. గది అంతా వాసన వచ్చింది. పక్కనున్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. టీ గ్లాసు మాస్టారి నోటికందించి పైడయ్యే తాగించాడు. జరిగిందంతా మాకు చెప్పాడు.

అప్పుడు ఇస్రాయేలు తాత అతని దగ్గరికి జరిగి కూర్చున్నాడు. "ఒరే పైడయ్యా, ఆ వేళ చెయ్యెందుకు ఎత్తలేదో ఇప్పుడు చెప్పరా. ఎంతసేపైనా సరే, వింటాం" అన్నాడు.

పైడయ్య చెప్పడానికి చాలాసేపే పట్టింది. "నాను ఒచ్చిన రోజు తాగే ఒచ్చేనండి. రైలు కట్టకి పోదామని బయల్దేరేను. ఇంక ఇంటికెళ్ళే మొకం లేదు. ఈ మెట్ల కాడ తూలి పడిపోయేను. పైన ఎవలో సదువుతున్నారు. తాగి ఒచ్చినా పర్లేదు, ఈ గుమ్మం నీదే అని ఇనబడింది. నన్నే పిలస్తన్నారనుకున్నాను. పాక్కుంటా ఎక్కేను. ఆ మాట లేకపోతే ఇయ్యాల నాను లేను బాబూ. సదువుకున్నోలు పుస్తకం సేతిలో ఎట్టుకుని సదువుకుంటారు. మాలాంటోలం మెట్ల కిందనుంచి ఇంటాం."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తొమ్మిదేళ్ళు అతని చేతి టీ తాగాం. ఇంత మాట కడుపులో పెట్టుకున్నవాడి కోసం ఒక్క వారం ఆగలేకపోయాం. మాస్టారు పైడయ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "క్షమించు నాయనా" అన్నారు.

తరువాతి ఆదివారానికి మాస్టారు మళ్ళీ మానేసి ఏడు రోజులు. పాత మాటలు తిరిగి చేర్చాలని ఆయనే అడిగారు. చదివాం, చేతులెత్తాం. ఈసారి సన్యాసిరావు అనే కుర్ర డ్రైవరు ఎత్తలేదు. "మళ్ళీ ఎవడో వచ్చి గొడవ చేస్తే? గది పోతే?" అన్నాడు.

మాస్టారి పెదవులు కదిలాయి. ఏదో అనబోయి ఆపుకున్నారు. "చెప్పు బాబూ, అంతా చెప్పు" అని చేతులు కట్టుకుని విన్నారు. ఆ ఒక్క నిమిషం ఆగడానికి ఆయన పడ్డ అవస్థ చూసి తీరాలి! తర్వాత, "వారం ఆగుదాం" అన్నది కూడా ఆయనే.

ఆ వారంలో దారి దొరికింది. ఇస్రాయేలు తాత ఒక బెంచీ చేసి మెట్ల కింద టీ పొయ్యి పక్కన వేశాడు. తాగొచ్చినవాడు గొడవపడేలా ఉంటే మాలో ఒకరు అతనితో అక్కడే కూర్చోవాలనుకున్నాం. పాత మాటలకు, "మెట్ల కింద బెంచీ ఉంది, తోడుగా మనిషి ఉంటాడు" అని ఇంకొకటి కలిపాం. సన్యాసిరావు అడ్డం చెప్పకపోతే ఆ బెంచీ ఉండేదే కాదు. ఈసారి అన్ని చేతులూ లేచాయి.

మిగిలిన పుస్తకాలన్నిటికీ మాస్టారు తన చేత్తో చీటీలు రాశారు. పైడయ్య మైదా జిగురు కాచి, కొట్టేయాల్సిన వాక్యం మీద ఒక్కొక్కటే అంటించాడు. రెండు మూడు తలకిందులుగా పడితే, మాస్టారు కోప్పడకుండా ఊడదీసి తిప్పి పెట్టారు. ఇప్పటికీ ఆదివారం చివరి పేజీ చదివేటప్పుడు తలుపు బార్లా తీసి, మెట్ల కిందికి వినిపించేలా చదువుతాం.

కాబట్టి, పదిమందీ ఒక మాటకు చెయ్యెత్తినప్పుడు ఎత్తనివాడెవడో చూసి, వాడి మాట చివరిదాకా విన్నాకే నిర్ణయం చెయ్యాలి. ఎక్కువమంది ఒప్పుకున్నంత మాత్రాన మాట మంచిదైపోదు, ఒంటరివాణ్ణి కూడా విన్నప్పుడే అది అందరిదీ అవుతుంది.