గవర్రాజు సెట్టులో కురిసిన వాన

ఆలమూరు మొత్తానికి బుర్రలున్న కొంప ఒక్కటేననీ, అది తనదేననీ మైకుసెట్టు గవర్రాజు నమ్మకం. అన్నయ్యంతటి తెలివైనవాడు లేడని తమ్ముడు సూరిబాబు అంటాడు. మా మరిదంతటివాడు లేడని గవర్రాజు భార్య మంగతాయారు అంటుంది. బయటివాళ్ళని అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు కాబట్టి ఆ మాటకి ఎదురూ లేదు.

ఒకరోజు నాటక పరిషత్తు కార్యదర్శి విశ్వపతి గారు వచ్చి, పోటీ నాటకం చివరి అంకంలో హోరువాన వినిపించాలన్నారు. వాన కుదిరితే ఇకమీదట ఏటా పరిషత్తుకి మైకుసెట్టు మీరే పెడతారు, లేకపోతే పక్కూరి వాళ్ళు పెడతారు అని తేల్చేశారు. పక్కూరి సెట్టు పేరు వింటే గవర్రాజుకి ముద్ద దిగదు.

సూరిబాబు ఎక్కడో విని వచ్చాడు. రకరకాల చప్పుళ్ళు తయారుచేసే సింథసైజరు ఒకటి కంప్యూటర్లో ఊరికే దొరుకుతుందట. తెరమీద బొమ్మపెట్టెలుంటాయట. ఒకటి చప్పుడు పుట్టిస్తుంది, ఒకటి దాని గరుకు తగ్గిస్తుంది, ఇంకొకటి స్పీకరుకి పంపిస్తుంది. మధ్యలో బొమ్మతీగలు కలుపుకుంటూ పోతే వానేం ఖర్మ, పిడుగైనా పుడుతుందట. అంతే, లాప్‌టాప్ ముందు ముగ్గురూ బైఠాయించారు.

పెట్టెలు వచ్చాయి. ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల. ఊరికే వచ్చింది కదా అని అంత పొడుగు తీగ తగలేస్తామా అని గవర్రాజు వాటిని పక్కపక్కనే జరిపించాడు. మిగిలిన తీగని చుట్టచుట్టి దాచడానికి సూరిబాబు తెరంతా వెతికాడు.

తీగ కలిపారు. అది ఉయ్యాల్లా ఊగింది. ఇంకేముంది, గాలికి ఊడిపోతుందని మంగతాయారు ఫ్యాను కట్టేసింది. ఇంకోటి కలిపితే అదీ ఊగింది. కిటికీలు మూసింది, తలుపు గడియపెట్టింది. ముగ్గురూ చెమటలు కక్కుతూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అదీ చాలదని సూరిబాబు తీగ ఊడకుండా తెరకే నల్లటేపు అంటించాడు. దాంతో సగం పెట్టెలు టేపు కిందకి పోయాయి.

చివరికి సుయ్యిమని చప్పుడొచ్చింది. పోపు మాడుతోందని మంగతాయారు వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యిమీద ఏమీ లేదు. దొంగెవడో పోపుతో సహా మూకుడు ఎత్తుకుపోయాడని వీధిలోకొచ్చి లబలబలాడింది. వీధివీధంతా మూకుడు కోసం గాలించింది.

గరుకు తగ్గించే పెట్టెకి మెల్లగా ఊగే అల పెట్టె ఒకటి తగిలిస్తే, చప్పుడు పెంచి తగ్గించే నాబ్ దానంతటదే తిరిగి వాన పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని సూరిబాబు చూసిన నేర్పుడు వీడియోలో చెప్పారు. సెట్టులో నాబ్‌లు తిప్పే నా పని ఇంకెవడో చేస్తుంటే ఇక నేనెందుకని సూరిబాబు అలిగాడు. నాబ్ అలిసిపోతే అందుకోవడానికి మనిషి ఉండాలి కదరా అని గవర్రాజు బుజ్జగించి, తమ్ముణ్ణి దాని ముందు కాపలా కూర్చోబెట్టాడు.

ఏ తీగ ఎక్కడ తగిలిందో వాళ్ళకే తెలీదు. వాన మాత్రం కుదిరింది.

పోటీ రోజు వచ్చింది. చివరి అంకంలో నాయిక స్టేజీ మధ్యకొచ్చి చేతులు చాచింది. సూరిబాబు మీట నొక్కాడు. పెద్ద స్పీకర్లలోంచి వాన దిగింది. అచ్చం వానే. జనం నోళ్ళు తెరిచారు. విశ్వపతి గారి కళ్ళు చెమర్చాయి.

గవర్రాజు ఉలిక్కిపడి పందిరి పైకి చూశాడు. మైకుసెట్టు వాడికి పుట్టుకతో వచ్చే భయం ఒక్కటే, సామాను తడవడం. చినుకు చప్పుడు వినిపిస్తే ముందు కరెంటు తీసెయ్యాలి, స్పీకర్లమీద టార్పాలిన్ కప్పాలి, తన తల సంగతి ఆ తర్వాతే. అంతే, ఒక్క గెంతున వెళ్ళి మెయిన్ స్విచ్చి లాగేశాడు. పందిరంతా చీకటి.

వాన ఆగిపోయింది.

"అదృష్టం రా సూరీ, వెలిసింది," అని మెయిన్ వేశాడు. వాన మొదలైంది. లాగేశాడు. వెలిసింది. వేశాడు. దంచింది. నాయిక చేతులు చాచి ఓసారి కనబడుతోంది, ఓసారి మాయమవుతోంది. ఇంత మాయదారి వానని పుట్టి బుద్ధెరిగాక చూడలేదని మంగతాయారు నెత్తిమీద గోనెసంచి కప్పుకుంది.

విశ్వపతి గారు కుర్చీలు తడుముకుంటూ వచ్చి గవర్రాజు రెక్క పట్టుకున్నారు. "ఏం చేస్తున్నావయ్యా? వాన కదా నిన్ను అడిగింది?"

గవర్రాజు ఆయన నెత్తిన కూడా ఓ సంచి కప్పి, నెమ్మదిగా చెప్పాడు.

"తొందరపడకండి బాబూ. ముందు ఈ వాన పూర్తిగా వెలవనివ్వండి. తర్వాత మా వాన వినిపిస్తాం."